చివరి ట్విస్ట్ ఒక్కటే చవక స్లాషర్ సినిమాని, అంటే హంతకుడు ఒక్కొక్కరినీ చంపుకుంటూ పోయే సినిమాని, గట్టెక్కించగలదా?

గట్టెక్కిస్తుంది, కానీ ఒక షరతు. ట్విస్ట్ తెలిశాక, అప్పటిదాకా మనం ఎగతాళి చేసిన వాటికి కారణం దొరకాలి. ఊరికే ఉలిక్కిపడేలా చేస్తే సరిపోదు. నేను చూసినవాటిలో దీనికి గట్టి ఉదాహరణ 1983 నాటి అమెరికన్ సినిమా 'స్లీప్‌అవే క్యాంప్'. చూసే ఉద్దేశం ఉంటే ఇక్కడే ఆపేయండి, గుట్టంతా విప్పేస్తున్నా.

దర్శకుడు రాబర్ట్ హిల్ట్‌జిక్ దీన్ని సుమారు 3,50,000 డాలర్లతో న్యూయార్క్ రాష్ట్రంలో తీశాడు. ఆ పొదుపు తెరమీద తెలిసిపోతుంది. చివర్లో పోలీసాయన మీసం అతికించిందని చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. వేసవి శిబిరం, కుర్రకారు, వరసగా చావులు. ఇక కథలోని పిల్లని పెంచే మార్తా ఆంటీ అయితే ప్రతి మాటా సాగదీసుకుంటూ, తనలో తనే ముచ్చటించుకుంటూ మాట్లాడుతుంది. పక్కన కూర్చుని చూస్తున్న మా బాబాయి కొడుకు, "అన్నయ్యా, ఈవిడ స్కూల్ యానివర్సరీ నాటకం అనుకుంటోందా?" అన్నాడు. నేనూ నవ్వాను.

కథకొస్తే, ఒక చెరువులో పడవ ప్రమాదం జరిగి తండ్రీ, కవలల్లో ఒకరూ పోతారు. బతికిన ఏంజెలాని మార్తా పెంచి, ఎనిమిదేళ్ల తర్వాత తన కొడుకు రిక్కీతో పాటు శిబిరానికి పంపుతుంది. ఆ పిల్ల నోరు విప్పదు, గుచ్చిగుచ్చి చూస్తుంది, ఈతకి దిగదు, అమ్మాయిలతో కలిసి స్నానానికి వెళ్లదు. సిగ్గరి పిల్ల అనుకుని వదిలేస్తాం.

చివరికి తేలేదేమిటంటే, ఆ హత్యలు చేసింది ఈ పిల్లే. అంతేకాదు, పడవ ప్రమాదంలో చనిపోయింది ఏంజెలా, బతికింది తమ్ముడో అన్నో, పీటర్. ఇంట్లో మగపిల్లాడు ఉన్నాడు కదా, ఆడపిల్ల అయితే బాగుండు అని మార్తా వాడికి ఆ పేరు పెట్టి అమ్మాయిగా పెంచేసింది. ఏంజెలాగా చేసిన ఫెలిసా రోజ్ ముఖానికి అచ్చు తీసి, మాస్క్ చేసి, మరో కుర్రాడికి తొడిగి, ఈ నిజం బయటపడే ఆఖరి షాట్ తీశారు. నోరు తెరుచుకుని బుసకొడుతున్న ఆ ముఖం మీద ఫ్రేమ్ ఆగిపోతుంది. మావాడికి మాట పడిపోయింది.

కొన్నాళ్లకి మళ్లీ చూశాను. స్నానాల గదికి ఎందుకు రావని శిబిరంలోని జూడీ అనే అమ్మాయి ఏంజెలాని దెప్పిపొడిచే సీను ఇప్పుడు ఇంకోలా వినిపించింది. మార్తా తీరు కూడా అంతే. అది చేతగాని నటనా, మతి చెదిరిన మనిషా అన్నది తేల్చుకోలేకపోయాను, ఆ సందేహమే సినిమాకి కలిసొచ్చింది.

1980 నాటి 'ఫ్రైడే ది థర్టీన్త్'తో పోల్చండి. అదీ వేసవి శిబిరం స్లాషరే; అందులో హంతకురాలు జేసన్ అనే పిల్లాడి తల్లి, ఆమె చివర్లో తప్ప మనకి పరిచయమే కాదు. ఊహించే అవకాశం ఇవ్వకుండా గుప్పిట మూసి ఆడించారు. చల్లని సంగీతం మధ్య జేసన్ నీళ్లలోంచి ఎగిరిపడటం అదిరిపోయే ఘట్టమే, కాదనను. కానీ దానివల్ల వెనకటి సీన్లలో ఒక్కటీ మారదు.

'స్లీప్‌అవే క్యాంప్' మీద ఒక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే: లింగ గుర్తింపుని హంతక మనస్తత్వానికి ముడిపెట్టిందని. నేను ఎవరికైనా చూడమని చెప్పేటప్పుడు ఈ మాట చెప్పే చూపిస్తాను.

1988లో రెండో భాగం వచ్చింది. ఏంజెలా గుట్టు అప్పటికే అందరికీ తెలుసు కాబట్టి హాస్యం మీద పడ్డారు. సరదాగానే గడిచింది గానీ, రెండోసారి పెట్టుకోబుద్ధి కాలేదు.