మోకాళ్లు నొప్పిగా ఉంటే జిమ్‌లో కార్డియో ఎలా చేయాలి?

మీ ప్రశ్నలో సంగతి ఇదీ: వయసు 36, రోజంతా షాపులో కూర్చునే పని, బరువు 90 కిలోలు దాటింది. దర్గామిట్టలో కొత్తగా జిమ్‌లో చేరి వారానికి మూడు రోజులు వెళ్తున్నారు. వెళ్లగానే అరగంట ట్రెడ్‌మిల్ మీద పరుగు, ఆ తర్వాత బరువులు. మోకాళ్లు పట్టేస్తున్నాయి, బరువుల దగ్గరికొచ్చేసరికి ఓపిక మిగలడం లేదు. కార్డియో, అంటే గుండెకీ ఊపిరితిత్తులకీ పని చెప్పే వ్యాయామం, మానేయమంటారా అని అడిగారు.

మానొద్దు తమ్ముడూ. పరుగు పక్కన పెట్టండి, వరస మార్చండి, చాలు. నేను జిమ్‌లో అడుగు పెట్టిందే నలభై దాటాక. అప్పటికే మెట్లెక్కాలంటే కమ్మీ పట్టుకునేదాన్ని. ఇప్పటికీ మానకుండా వెళ్తున్నాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నా.

పరుగెత్తేటప్పుడు ప్రతి అడుగుకీ ఒళ్లంతా ఒంటికాలి మీద పడుతుంది. ఆ దెబ్బ మన బరువుకి రెండు మూడు రెట్లుంటుంది. జిమ్ సైకిల్ మీదా, క్రాస్ ట్రైనర్ (నిలబడి పెడళ్లు తొక్కుతూ చేతులు కూడా ఆడించే మెషిన్) మీదా పాదం పెడల్ వదలదు కాబట్టి ఆ దెబ్బ ఉండదు, గుండెకి మాత్రం పని బాగానే పడుతుంది. అందుకే వెళ్లగానే సైకిల్ మీద ఐదు నిమిషాలు నెమ్మదిగా తొక్కి ఒళ్లు వేడెక్కించండి. తర్వాత బరువులు. కాళ్లు అలిసిపోయి ఉన్నప్పుడు స్క్వాట్ (గుంజీలాంటి వ్యాయామం) చేస్తే మోకాళ్లు లోపలికి వాలతాయి, నడుం వంగుతుంది. కొత్తవాళ్లకి ఇదే ప్రమాదం. బరువులయ్యాక పదిహేను నిమిషాలు కార్డియో. ఒకట్రెండు వారాలకోసారి కాస్త పెంచుకుంటూ అరగంట దాకా రండి.

సైకిల్ ఎక్కే ముందు సీటు ఎత్తు చూసుకోవడం మర్చిపోకండి. చాలామంది ముందు మనిషి పెట్టినట్టే వదిలేసి తొక్కేస్తారు. సీటు మీద కూర్చుని, పెడల్‌ని పూర్తిగా కిందికి తెచ్చి, దాని మీద మడమ పెట్టండి. కాలు నిటారుగా రావాలి. అప్పుడు ముందరి పాదంతో తొక్కితే మోకాలు కొంచెమే వంగి ఉంటుంది. సీటు కిందికుంటే మోకాలు బాగా ముడుచుకుని చిప్ప దగ్గర నొప్పి మొదలవుతుంది. మరీ ఎత్తుగా ఉంటే నడుం అటూ ఇటూ ఊగుతుంది. క్రాస్ ట్రైనర్ మీద కాసేపటికి కాలివేళ్లు తిమ్మిరెక్కితే బూటు లేసు కాస్త వదులు చేసి, బరువు మడమ మీదికి కూడా పోనివ్వండి. ట్రెడ్‌మిల్లే ఇష్టమైతే పరుగు బదులు కొద్దిగా ఇన్‌క్లైన్ (ఎత్తు ఎక్కుతున్నట్టు వాలు) పెట్టి నడవండి, కానీ ముందున్న రాడ్ పట్టుకుని వేలాడొద్దు. సగం పని చేతులే లాగేసుకుంటాయి.

ఎంత గట్టిగా చేయాలంటారా? మన నెల్లూరులో చెమటని నమ్మకూడదు. ఈ ఉక్కపోతకి ఫ్యాన్ కింద కూర్చున్నా చొక్కా తడుస్తుంది. మాటని నమ్మండి: పక్కవాళ్లతో రెండు మూడు ముక్కలు మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. అంకెలు కావాలంటే 220లోంచి వయసు తీసేస్తే మీకు 184 వస్తుంది. అందులో 50 నుంచి 70 శాతం, అంటే నిమిషానికి సుమారు 92 నుంచి 129 మధ్య గుండె కొట్టుకుంటే మీకిప్పుడు సరిపోతుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే. బీపీకి కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్లకి గుండె వేగం అంతగా పెరగదు, వాళ్లు మాటనే చూసుకోవాలి. రోహిణి కార్తెలో ఏసీ లేని జిమ్ అయితే అదే సైకిల్, అదే రెసిస్టెన్స్ (పెడల్ బిగువు), అయినా గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. ఆ రోజుల్లో ఒక మెట్టు తగ్గించి, పొద్దున్నే వెళ్లి, మధ్యమధ్యలో నీళ్లు తాగండి. మెషిన్ మీద కనిపించే క్యాలరీలు చూసి మురిసిపోవద్దు, అవి చాలాసార్లు ఎక్కువే చూపిస్తాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క పెద్దలకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, కనీసం రెండు రోజులు కండరాలకి పని. మూడు రోజులు ఇరవై నిమిషాల చొప్పున జిమ్‌లోనే 60 అయిపోతాయి. మిగతా 90 నడక. షాపు తెరిచేలోపు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం వైపో, మీ వీధిలోనో చురుగ్గా నడిచినా అది లెక్కలోకే వస్తుంది. లెగ్ డే (కాళ్లకి బరువులు చేసిన రోజు) మర్నాడు కాళ్లు పట్టేసి ఉంటే ఖాళీగా కూర్చోకండి, తేలిగ్గా నడిస్తే ఆ బిగువు సడలుతుంది.

మీ ట్రైనర్‌తో ఈ మాట చెప్పడానికి మొహమాటపడొద్దు. "పరుగుతో మోకాళ్లు నొప్పి, సైకిల్ చేస్తాను, బరువుల తర్వాత చేస్తాను" అంటే చాలు. ఫీజు కట్టింది మీరు, మోకాళ్లూ మీవే. ఒక్కటి మాత్రం చూసుకోండి: మోకాలు వాచినా, రాత్రిపూట పడుకున్నప్పుడు కూడా నొప్పున్నా, నడుస్తుంటే పట్టు తప్పుతున్నా, ముందు ఎముకల డాక్టర్‌కి చూపించుకున్నాకే సైకిల్ ఎక్కండి. చేసేటప్పుడు ఛాతీలో బరువుగా అనిపించినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.