పద్నాలుగేళ్ల అబ్బాయిని బెల్టుతో కొడుతున్నారు... ఇప్పుడు ఆపితే మార్పు వస్తుందా?

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు వచ్చి పదేళ్లు దాటింది, మారతహళ్లి దగ్గర ఫ్లాట్‌లో ఉంటాం. మా అబ్బాయికి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. మార్కులు తగ్గినా, ఫోన్ వదలకపోయినా మావారు బెల్టు తీస్తారు. "మా నాన్న కొట్టబట్టే నేను ఇంతవాణ్ణయ్యాను" అంటారు. చిన్నప్పుడు ఒకటి రెండు దెబ్బలతో పోయేది, ఈ రెండేళ్లలో బాగా ఎక్కువైంది. ఇప్పుడు వాడు ఇంట్లో మాట్లాడటమే మానేశాడు. స్కూలుకు బయల్దేరే ముందు కడుపునొప్పి అంటాడు. అర్ధరాత్రి దాటినా నిద్రపోడు. చెల్లెల్ని ఊరికే కొడుతున్నాడు. పోయిన వారం "నేను లేకపోతే మీకు హాయిగా ఉంటుంది కదా" అన్నాడు. వచ్చే ఏడాది టెన్త్, ఇప్పుడు వదిలేస్తే చేతికి రాడని మావారి భయం. ఇన్నాళ్లు తిన్న దెబ్బల ప్రభావం పోతుందా? నేనేం చేయాలి?
- ఒక తల్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది ఆ "నేను లేకపోతే" అన్న మాట. మిగతావన్నీ తర్వాత చూద్దాం. ఇవాళే, చెల్లెలు పక్కన లేనప్పుడు, బాబు దగ్గర కూర్చుని సూటిగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?" అని. అడిగితే లేనిపోని ఆలోచన మనమే పుట్టించినట్టవుతుందని తల్లులు జంకుతారు. అలా జరగదు. ఎవరో ఒకరు అడిగారన్న ధైర్యంతోనే చాలామంది పిల్లలు నోరు విప్పుతారు. అవునన్నా, జవాబు చెప్పకుండా తల తిప్పుకున్నా, ఒంటరిగా వదలొద్దు. ఇంట్లోని మాత్రలు, ఎలుకల మందు లాంటివి తీసి తాళం వేయండి. హోసూరు రోడ్డులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో ఎమర్జెన్సీ రాత్రీపగలూ ఉంటుంది, నేరుగా వెళ్లండి. ఏ వేళలోనైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.

ఇక కడుపునొప్పి. అది నాటకం కాదు. ఏ క్షణాన దెబ్బ పడుతుందో తెలియని ఇంట్లో పెరిగే పిల్లల ఒంట్లో, దొంగ రాకపోయినా మోగుతూనే ఉండే అలారంలా, భయం ఆగకుండా పనిచేస్తుంటుంది. కార్టిసాల్, అడ్రినలిన్ లాంటి ఒత్తిడి హార్మోన్ల తీరు మారుతుంది. పేగుల కదలిక మారుతుంది, నిద్ర పట్టదు, పాఠం మీద మనసు నిలవదు. అంటే ఏ మార్కుల కోసం కొడుతున్నారో ఆ మార్కులే దెబ్బల వల్ల ఇంకా పడిపోతాయి. ఒకసారి పిల్లల డాక్టరుకు మాత్రం చూపించండి. బరువు తగ్గడం, జ్వరం, మలంలో రక్తం, నొప్పితో రాత్రి మెలకువ రావడం ఉంటే పరీక్షలు తప్పనిసరి. అవేవీ లేకపోతే స్కానింగుల వెంట తిరగొద్దు.

ప్రభావం పోతుందా అని అడిగారు. దీనికి సమాధానం ఇవ్వడానికి నగరాల పిల్లల మీద జరిగిన ఒక పరిశోధన నాకు బాగా ఉపయోగపడుతుంది. అమెరికాలోని రోచెస్టర్ నగరంలో 1988లో మొదలుపెట్టి, ప్రభుత్వ బడుల్లో ఏడు, ఎనిమిది తరగతులు చదివే 1,000 మంది పిల్లల్ని పెద్దవాళ్లయ్యేదాకా గమనించారు. ఎవరు, ఏ వయసులో హింసకు, నిర్లక్ష్యానికి గురయ్యారో అక్కడి శిశు సంరక్షణ శాఖ రికార్డుల నుంచి తీసుకున్నారు. చిన్నప్పుడు మాత్రమే హింస ఎదుర్కొని, పన్నెండేళ్లు వచ్చేసరికి అది ఆగిపోయినవాళ్లలో చాలామంది టీనేజ్‌లో మిగతా పిల్లలకు దగ్గరగానే ఉన్నారు. టీనేజ్‌లో హింస మొదలైనవాళ్లు, చిన్నప్పటి నుంచీ టీనేజ్ దాకా కొనసాగినవాళ్లు మాత్రం గొడవల్లో, మత్తుమందుల్లో, డిప్రెషన్‌లో ఎక్కువగా చిక్కుకున్నారు. చిన్నపిల్లల్ని కొట్టినా ఫర్వాలేదని దీని అర్థం కాదు. పసివయసు దెబ్బలు ఏళ్ల తర్వాత కూడా బయటపడగలవు. అమెరికాలోనే శాండియాగోలో జరిగి 1998లో అచ్చయిన పెద్ద అధ్యయనంలో, బాల్యంలో నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రకాల చేదు అనుభవాలు ఉన్నవాళ్లకు తాగుడు, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం లాంటి ముప్పులు 4 నుంచి 12 రెట్లు ఎక్కువగా కనిపించాయి. కానీ మీ ఇంటికి సంబంధించినంతవరకు రోచెస్టర్ చెప్పేది ముఖ్యం: ఈ వయసులో కొనసాగే దెబ్బే ఎక్కువ చేటు, కాబట్టి ఈ వయసులో ఆపడం వల్లే ఎక్కువ మేలు. టెన్త్ అయ్యాక చూద్దాం అనుకోవద్దు.

మీ వారి మాట గురించి. ఆయన చెడ్డ తండ్రి అని నేననుకోవడం లేదు. కొడుకు ఏమైపోతాడోనన్న భయం ఆయన్ని తినేస్తోంది, భయానికి ఆయన నేర్చుకున్న భాష బెల్టు ఒక్కటే. ఆయన ఎదిగింది దెబ్బల వల్ల కాదు, దెబ్బలు పడినా ఎదిగారు. ఆయన బాల్యంలో దెబ్బలతో పాటు ఇంకేమున్నాయో అడగండి. మన ఊళ్లలో తండ్రి చెయ్యెత్తితే నానమ్మ అడ్డం పడేది. పక్కింటి పెద్దాయన గడపలో నిలబడి "ఏందప్పా ఇది, పిల్లోణ్ణి సంపుతావా?" అనేవాడు. పిల్లాడు పారిపోయి మేనమామ ఇంట్లో రాత్రి పడుకునేవాడు. తెల్లారేసరికి కోపాలు చల్లారేవి. మీ ఫ్లాట్‌లో తలుపు మూస్తే నలుగురే. పారిపోవడానికి అరుగు లేదు, అడ్డం పడటానికి ముసలమ్మ లేదు. అదే దెబ్బ ఇక్కడ ఇంకా గట్టిగా తగులుతుంది. వలస వచ్చిన మన కుటుంబాల పిల్లల్లో నేను పదేపదే చూసేది ఈ ఒంటరితనమే.

ఇది మీ ఒక్క ఇంటి సంగతి కాదు కూడా. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ విడుదల చేసిన అధ్యయనంలో, ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగితే, ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నామన్నారు. కుటుంబంలో దెబ్బలు తిన్నవాళ్లలో దాదాపు 89 శాతం మందిని కొట్టింది తల్లిదండ్రులే. అందరూ చేస్తున్నారు కాబట్టి మామూలే అనుకుంటాం. దెబ్బ పడగానే పిల్లాడు ఆ పూటకు ఫోన్ పడేస్తాడు, తండ్రికి అది పనిచేసినట్టు అనిపిస్తుంది. మర్నాటికి అబద్ధం నేర్చుకుంటాడు.

చెల్లెల్ని కొడుతున్నాడు కాబట్టి రేపు రౌడీ అవుతాడేమోనన్న దిగులు మీకు ఉండొచ్చు. చిన్నతనంలో హింసకో నిర్లక్ష్యానికో గురైనట్టు కోర్టు రికార్డుల్లో ఉన్న 908 మంది పిల్లల మీద 1989లో వచ్చిన అమెరికా పరిశోధనలో, మైనర్లుగా ఉండగా అరెస్టయినవాళ్లు 26 శాతం. అలాంటి రికార్డు లేని పిల్లల్లో అది 17 శాతం. తేడా నిజమే. అయినా నలుగురిలో ముగ్గురు ఆ దారి పట్టలేదు. చెల్లెలికి రక్షణ ఇవ్వండి, బాబును "నాన్న పోలికే" అని మాత్రం అనొద్దు.

మీ వారితో మాట్లాడేటప్పుడు కొట్టినరోజు రాత్రి మాట్లాడొద్దు. మంచి మూడ్‌లో ఉన్నప్పుడు, పిల్లలు లేని చోట, "నేను లేకపోతే మీకు హాయిగా ఉంటుంది" అని బాబు అన్న మాట దాచకుండా చెప్పండి. చాలామంది తండ్రులకు ఆ సంగతి తెలియదు, తల్లులు దాచేస్తారు. మీరు కూడా "నాన్న రానీ, చెప్తా" అని బెదిరించే అలవాటు ఉంటే ఈ రోజుతో మానేయండి. ఫోన్‌కు వేళలు ముగ్గురూ కూర్చుని రాసుకోండి. తప్పితే మర్నాడు ఫోన్ ఉండదు, అంతే. తిట్లు కూడా ఉండకూడదు, అవమానం దెబ్బకంటే తక్కువేమీ కాదు.

మార్కులు ఎందుకు తగ్గాయో ఎవరైనా అడిగారా? స్కూల్లో ఏడిపిస్తున్నారా, చదవడంలోనే ఇబ్బంది ఉందా, బయట ఎవరైనా ఒంటిమీద చెయ్యి వేశారా? ఇవి మీరు ఒక్కసారి అడిగితే చెప్పడు. పిల్లల సైకాలజిస్టు దగ్గర నెమ్మదిగా బయటికొస్తాయి. నిమ్హాన్స్‌లో పిల్లలు, టీనేజర్లకు విడిగా విభాగం ఉంది. రాయలసీమ నుంచి ఎందరో వస్తారు కాబట్టి తెలుగులో చెప్పుకోవడం కష్టం కాదు. అవసరమైతేనే మందులు, ఎక్కువగా మాటలతో చేసే చికిత్సే.

మీరు రాయలేదు గానీ, ఆ బెల్టు మీ మీదికీ వస్తోందా? వస్తుంటే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. పిల్లల మీద మళ్లీ లేస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది, బాబుకు కూడా ఆ నంబరు తెలిసి ఉండాలి. అపాయింట్‌మెంట్ ఈ వారంలోనే తీసుకోండి. మీ వారు రానంటే ఆగొద్దు, బాబును తీసుకుని మీరొక్కరే వెళ్లండి. మొదట రానన్న తండ్రులు మూడో నాలుగో సిట్టింగ్‌కు రావడం నేను చాలాసార్లు చూశాను.