నాయన చేసిన సాయం, మీరు చేయబోయే రాజీనామా

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లాలో ఒక పల్లె. నాకు 25 ఏళ్లు. బెంగళూరులో ఉద్యోగం, జీతం 38 వేలు. నాయన 19 ఏళ్లు కువైట్‌లో హౌస్ డ్రైవరుగా చేసి, షుగరు ముదిరి తిరిగొచ్చేసినాడు. అక్కడ సెలవున్న శుక్రవారాల్లో, అకామా (అక్కడ ఉండేందుకిచ్చే అనుమతి) పోయినవాళ్లకూ సేటు (యజమాని) జీతం ఇవ్వనివాళ్లకూ అర్జీలు రాసిచ్చి ఎంబసీకి తోడు పోయేవాడంట. ఆయనతో పనిచేసినవాళ్లు చెప్తేనే నాకు తెలిసింది. నేనూ అట్లా జనానికి పనికిరావాలని ఉంది. ఉద్యోగం మానేసి తిరుపతిలో ఉండి గ్రూప్-2కి చదువుతానంటే, ‘నేను ఎండల్లో మాడింది ఇందుకేనా’ అని మాట్లాడటం మానేసినాడు. అప్పు వాయిదా 9,500, ఇంటికి 10,000, మందులకు 2,500 నెలనెలా నేనే పంపుతాను. చేతిలో 90 వేలున్నాయి. ఏం చేయాలి?

జవాబు: మీ నాయన కోపం వెనక ఉన్నది భయం. 19 ఏళ్లు ఆయన పంపితేనే ఇల్లు నడిచింది. నెల తప్పితే ఇంట్లో ఏమవుతుందో ఆయనకు తెలిసినంతగా మీకు తెలియదు. కాబట్టి ఆశయం చెప్పకండి, లెక్క చూపించండి. ఇంటికి నెలకు 22 వేలు కావాలి. మీ 90 వేలు నాలుగు నెలలకే అయిపోతాయి, ఐదో నెల వాయిదాకి అమ్మ నగలు బ్యాంకుకి పోతాయి. ఏడాదికి సరిపడా 2,64,000 చేతిలో ఉండాలంటే ఇంకా 1,74,000 కావాలి. నెలకు పది వేలు దాస్తే ఏడాదిన్నర పడుతుంది. అందాకా రాజీనామా వద్దు.

గ్రూప్-2 నోటిఫికేషన్ ఏటా ఒకే నెలలో రాదు. దానికోసం ఖాళీగా కూర్చున్నవాళ్లే ఎక్కువగా కుంగిపోతారు. 2023 నోటిఫికేషన్ పద్ధతిలో స్క్రీనింగ్ 150 మార్కులకు, తప్పు జవాబుకు మూడో వంతు కోత. ఉద్యోగం చేస్తూ పొద్దున రెండు గంటలు చదివినా దీనికి సిద్ధం కావచ్చు. అది గట్టెక్కాక, మెయిన్స్ రెండు పేపర్ల కోసం సెలవు పెట్టడమో మానేయడమో ఆలోచించండి.

అసలు సంగతి ఇంకొకటి ఉంది. మీ నాయన మంచితనాన్ని మీరు చూడలేదు, బయటివాళ్ల నోట విన్నారు. ఆయన దగ్గర లేని 19 ఏళ్లు మీ బాల్యం కూడా. ఆ లోటుకు ఒక అర్థం దొరికిందన్న ఆనందంలో, ఆయన బతుకుకు బదులు తీర్చాలని తొందరపడుతున్నారేమో చూసుకోండి. బదులు తీర్చడానికి చదివే పరీక్షలో ఒకసారి తప్పితే, మార్కులు పోయినట్టుండదు, నాయన్నే ఓడించినట్టుంటుంది. పైగా ఆయన ఆ పనంతా చేసింది ఏ పదవిలోనూ ఉండి కాదు. కాగితం తెలిసి, మనిషి పక్కన నిలబడినందువల్ల.

ఆ పని మీ ఊళ్లో ఈ నెలే మొదలుపెట్టవచ్చు. గల్ఫ్‌కి బయల్దేరేవాళ్ల కాగితాలు చూసిపెట్టండి. పది పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ తప్పనిసరి) రకం, కువైట్‌లో పనికి పోవాలంటే వాళ్లకు ఎమిగ్రేషన్ అనుమతి ఉండాలి. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో వెతకండి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ సేవా రుసుము గరిష్ఠంగా 30 వేలు, దానిపై జీఎస్టీ. పని కోసం విజిటింగ్ వీసా మీద పంపుతానంటే ఆపండి. ప్రవాసీ భారతీయ బీమా ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి పది లక్షలు వస్తాయి. కానీ పాలసీ కాగితం మనిషితోపాటే విమానం ఎక్కేస్తుంది, ఇంట్లోవాళ్లకు బీమా ఉన్న సంగతే తెలియదు. పాస్‌పోర్టు, వీసా, పాలసీ జిరాక్సులు ఇంట్లో ఉంచమనండి. ఎవరి దగ్గరా డబ్బు తీసుకోకండి, ఒరిజినళ్లు మీ దగ్గర పెట్టుకోకండి, ‘పనైపోతుంది’ అని మాటివ్వకండి.

ఇందులో మీకు గురువు ఇంట్లోనే ఉన్నాడు. ‘మాకెందుకు చెప్పలేదు నాయనా’ అని అడిగితే ఆయన మళ్లీ మూసుకుపోతాడు. ‘అకామా అయిపోయినవాడు మొదట ఎక్కడికి పోవాలి? అవుట్‌పాస్‌కి (పాస్‌పోర్టు లేనివాళ్లు ఇంటికి రావడానికి ఎంబసీ ఇచ్చే కాగితానికి) ఏమేం అడుగుతారు?’ అని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. మొదటి ఆదివారం అప్పు ఊసు, గ్రూప్-2 ఊసు ఎత్తకండి. నోటుబుక్కు, పెన్ను తీసుకుని, ఆయన అన్నం తిని మందు వేసుకున్నాక పక్కన కూర్చోండి.