అమ్మలూ, ముందు గడ్డి చూడు

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటోల్లో నీ మార్వాడీ గుర్రాన్ని చూసి చాలా సంతోషపడ్డాను. చెవుల కొసలు రెండూ ఒకదాన్నొకటి తాకుతున్నాయి, కాళ్ళు నిటారుగా ఉన్నాయి. ఇప్పుడు రుషికొండ నుంచి భీమిలి దాకా వెళ్ళి వస్తున్నావు. చలికాలానికల్లా కొత్తవలస నుంచి అరకుకి రెండు రోజుల్లో ఎక్కాలని ఉందన్నావు. దానికి ఏ దాణా బస్తా కొనాలని అడిగావు. బస్తా సంగతి తర్వాత చూద్దాం. ముందు గడ్డి సంగతి తేల్చుకో.

నీ గుర్రం 380 కిలోలు ఉంటుందనుకుంటే రోజుకి ఏడున్నర కిలోల ఎండుగడ్డి పడాలి. అంటే ఒంటి బరువులో నూటికి రెండు పాళ్ళు. పచ్చిగడ్డి అయితే దానికి నాలుగు రెట్లు వేయాలి, అందులో ఎక్కువ భాగం నీళ్ళే కదా. ఈ గడ్డి పెద్దపేగుల్లో నానుతూ, పులుస్తూ గంటల తరబడి శక్తినిస్తుంది. పైగా ఆ పీచు నీళ్ళనీ ఉప్పునీ పట్టి ఉంచుతుంది. మన విశాఖ ఉక్కలో గుర్రానికి పట్టిన చెమట ఆరదు, ధారగా కారిపోతుంది. అప్పుడు దాన్ని ఆదుకునేది కడుపులో ఉన్న ఆ నిల్వే.

ఇది నేను కష్టం మీద నేర్చుకున్నాను. ముప్ఫై ఏళ్ళ కిందట అప్పటి నా గుర్రం మీద అనంతగిరి ఘాట్ ఎక్కాలని బయలుదేరాను. పొట్ట తేలిగ్గా ఉంటే బాగా ఎక్కుతుందని ముందు రోజు సాయంత్రం నుంచే గడ్డి తగ్గించేశాను. తెల్లవారుజామున నాలుగింటికి మూడు కిలోల ఉడికించిన ఉలవల్లో బెల్లం కలిపి పెట్టి, ఐదింటికి జీను కట్టాను. శృంగవరపుకోట దాటాక, ఘాట్ మొదలయ్యే చోట అది తల వేలాడేసింది. బకెట్టు ముందు పెడితే మూతి తడిపి వదిలేసింది. డొక్కలు లోపలికి లాక్కుపోయాయి. డొక్కకి చెవి ఆనించి విన్నాను. ఎప్పుడూ గుడగుడలాడే కడుపులో చప్పుడే లేదు. దిగి, నడిపించుకుంటూ వెనక్కి తెచ్చాను. పశువుల డాక్టరుగారు ముక్కులోంచి గొట్టం వేసి మందు పంపించారు. సాయంత్రానికి నాలుగు పేడ ఉండలు వేసింది. పేగులు మళ్ళీ కదిలాయని తెలిసి ఏడ్చేశాను. తప్పంతా నాదే.

గుర్రాల మీద చాలా దూరం వెళ్ళే ఎండ్యూరెన్స్ పోటీల్లో దారి మధ్య ఆపి, గుండె కొట్టుకోవడం నిమిషానికి 64కి దిగిందా అని చూడటంతో పాటు కడుపు చప్పుడు కూడా వింటారు. నువ్వూ ఒక స్టెతస్కోప్ కొనుక్కో. రెండు డొక్కలూ రోజూ విను. మామూలు చప్పుడు తెలిస్తేనే తేడా తెలుస్తుంది.

గడ్డిలో నా ఓటు గరికకే. ఎండబెట్టిన గరిక మోపు విప్పి మధ్యలోకి చెయ్యి పెట్టు. వెచ్చగా తగిలినా, దులిపితే తెల్లటి పొడి లేచినా, ముక్కిన వాసన వచ్చినా తీసుకోవద్దు. డబ్బులు ఇచ్చేసినా సరే వెనక్కి పంపెయ్. మన దగ్గర పాడిగేదెల వాళ్ళు పెంచే నేపియర్ గడ్డి సులువుగా దొరుకుతుంది కానీ, గుర్రానికి అదే ప్రధాన మేత చెయ్యకు. అందులో ఉండే ఆక్సలేట్లు అనే పదార్థాలు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. నెలల తరబడి అదే పెడితే ఎముకలు గుల్లబారి మొహం ఉబ్బుతుంది, కుంటుతుంది. వరిగడ్డి నోరాడటానికి గుప్పెడు చాలు. లూసర్న్ అనే పప్పుజాతి మేత మంచిదే, రోజుకి కిలో దాటనివ్వకు.

ఇక దాణా. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదంటారు, నీది కళ్ళున్న గుర్రం, దానికి లెక్కగా పెట్టు. ఓట్స్ గానీ బార్లీ గానీ రోజుకి రెండు కిలోలు, మూడు పూటలుగా. దాని పొట్ట చిన్నది, ఒక్కసారి కుమ్మరిస్తే అరగని పిండిపదార్థం పెద్దపేగుల్లోకి జారిపోయి కడుపునొప్పి తెస్తుంది. ఉలవలు నానబెట్టి ఉడికించి అరకిలో, అంతకు మించొద్దు. మాంసకృత్తులు ఎక్కువైతే మూత్రం ఎక్కువవుతుంది, ఒంట్లో వేడి పెరుగుతుంది. దూరానికి కావలసిన శక్తిని నూనె నుంచి తీసుకో. తవుడు నూనె రెండు చెంచాలతో మొదలుపెట్టి మూడు వారాల్లో ఒక కప్పుకి తీసుకురా. మిల్లు తవుడు వేయాలనుకుంటే ఆ రోజు ఆడించిందే తే. నాలుగు రోజులకే కనరు వాసన వేస్తుంది. తవుడులో ఫాస్ఫరస్ కాల్షియం కంటే చాలా ఎక్కువ, కాబట్టి డాక్టరుని అడిగి కాల్షియం పొడి కలుపు. ఏ మార్పైనా పది రోజులు పట్టనివ్వు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. కోళ్ళ దాణా బస్తాలు ఆ షెడ్డు దరిదాపుల్లో ఉండనివ్వొద్దు. కోళ్ళ జబ్బుకని అందులో కలిపే మోనెన్సిన్‌లాంటి మందులు గుర్రం గుండెని దెబ్బతీస్తాయి. కొంచెం తిన్నా ప్రాణం పోవచ్చు. గేదెల దాణా కూడా వద్దు.

బయలుదేరే రోజు గింజ దాణా నాలుగు గంటల ముందే అయిపోవాలి. గడ్డి మాత్రం జీను కట్టేదాకా ముందు ఉండనివ్వు. దారిలో ఆగిన ప్రతిచోటా ముందు నీళ్ళు, తర్వాత తడిపిన గడ్డి. ఉప్పు రోజూ ముప్ఫై గ్రాములు దాణాలో ఉండాలి, చెమట పట్టిన రోజున ఎలక్ట్రోలైట్లు, అంటే చెమటతో పోయే లవణాల పొడి, అదనం. నీళ్ళు ముట్టని గుర్రానికి మాత్రం ఎలక్ట్రోలైట్లు ఇవ్వకు, ఒంట్లో మిగిలిన నీటిని కూడా పేగుల్లోకి లాగేస్తాయి. అనకాపల్లి బెల్లం ముక్క ఒకటి ఆ రోజు సవారీ అంతా అయ్యాక, అరచేతిలో పెట్టి ఇవ్వు.

వచ్చే ఆదివారం వస్తాను. కొత్తగా దింపించిన గడ్డిలో ఒక మోపు విప్పకుండా ఉంచు, కలిసి విప్పుదాం.

ఇట్లు,
మీ పెదనాన్న