విషరసాయనాల హద్దులపై కొత్త రూల్స్ వస్తుంటే, విజయవాడ ఆటోనగర్లో చిన్న పెయింటింగ్ షెడ్ నడిపేవాళ్లు అభ్యంతరం చెప్పొచ్చా?

చెప్పొచ్చు, ముసాయిదా ప్రభుత్వ గెజిట్‌లో వచ్చాక, అందులో ఇచ్చిన గడువులోపు ఎవరైనా రాతపూర్వకంగా పంపవచ్చు, షెడ్ ఎంత చిన్నదైనా సరే. రూల్ ఖరారు చేసేముందు వచ్చిన అభ్యంతరాలను పరిశీలించి తీరాలని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. కాగితం మీద హద్దు రాసేవాళ్లకు రేకుల షెడ్‌లో గాలి ఎలా ఆడుతుందో తెలియాలంటే అక్కడ పనిచేసేవాళ్లే చెప్పాలి కదా.

ఉదాహరణకు, పెయింట్‌లో కలిపే థిన్నర్లలో తరచూ ఉండే టోలుయీన్ అనే రసాయనం. 8 గంటల పనిలో గాలిలో ఇది సగటున 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో వంద) దాటకూడదని, 2025 నవంబరులో రద్దయిన ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూల్ హద్దు పెట్టింది. అలాంటి హద్దును ఇంకా తగ్గిస్తామని ముసాయిదా వచ్చిందనుకోండి. "మాకు కష్టం" అని రాస్తే పనికిరాదు. షెడ్ కొలతలు, రోజుకు ఎన్ని బండ్లకు స్ప్రే కొడతారు, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కు ఎంతవుతుంది, బిగించడానికి ఎన్ని నెలలు కావాలి, ఇవి రాయాలి.

చాలామంది పొరపడేది ఒకచోట: అభ్యంతరం పంపితే రూల్ ఆగిపోతుందని. ఆగదు. పరిశీలించడం తప్పనిసరి, ఒప్పుకోవడం కాదు.