ఫోటోగ్రఫీతో పాటు ఫిల్మ్, టీవీ కూడా చదవచ్చా?

ప్రశ్న: మాది జనగామ. 26 ఏళ్లుగా ఫోటో స్టూడియో నడుపుతున్నాను. మా అమ్మాయి ఇంటర్ సీఈసీ రెండో సంవత్సరం. ఫోటోగ్రఫీలో డిగ్రీ చేస్తాను, దాంతో పాటే ఫిల్మ్, టీవీ కూడా చదువుతాను అంటోంది. కెమెరా పట్టడం నేనే నేర్పాను, మళ్లీ దానికి నాలుగేళ్ల చదువు ఎందుకని నా అనుమానం. మా బావమరిదేమో "ఫోటోలకు రోజులు పోయాయి, ఫోన్లలో అందరూ తీసుకుంటున్నారు, చేర్పిస్తే సినిమా కోర్సులో చేర్పించు" అంటున్నాడు. రెండూ కలిపి చదివితే ఏదీ సరిగ్గా రాదేమో అని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: నమస్తే అండి. ముందు ఫోటోగ్రఫీ డిగ్రీలోనే చేర్పించండి. ఆ నాలుగేళ్లలో వీడియో, ఎడిటింగ్, సౌండ్ చేతనైనంత నేర్చుకోమనండి. సినిమా, టీవీ కోసం ప్రత్యేకమైన చదువు డిగ్రీ అయ్యాక చదవచ్చు. మీ అమ్మాయి రెండూ కావాలనడంలో తప్పేమీ లేదు, కాకపోతే ఏది ముందు, ఏది తర్వాత అన్నది చూసుకోవాలి.

ఫోటోగ్రఫీ ముందు అనడానికి నాకు కనిపించే పెద్ద కారణం చెప్తాను. ఫిల్మ్ కోర్సులో ప్రాక్టికల్స్ చాలావరకు టీములుగానే జరుగుతాయి. ఒక ఐదు నిమిషాల సినిమా తీయడానికి పది మంది కలిస్తే, కెమెరా ఒకరి చేతిలోనే ఉంటుంది. ఒకరు మైకు కర్ర పట్టుకుంటారు, ఒకరు లైటు స్టాండు మోస్తారు, ఒకరు క్లాప్ కొడతారు. 17 ఏళ్ల పిల్ల, అందులోనూ కాస్త మొహమాటం ఉన్న పిల్ల అయితే, కెమెరా తన దాకా వచ్చేసరికి సెమిస్టర్ అయిపోతుంది. ఇలా మూడేళ్లు చదివి, తన సొంతమని చూపించుకోవడానికి ఒక్క షాట్ కూడా లేదని నా దగ్గరకు వచ్చి బాధపడ్డ పిల్లలు ఉన్నారు. ఫోటోగ్రఫీలో అలా కుదరదు. ఎవరి కెమెరా వాళ్లదే, ఎవరి తప్పు వాళ్లదే. వారానికి వంద ఫ్రేములు తీసి, టీచర్ ముందు పెట్టి, ఈ నీడ ఇక్కడ ఎందుకు పడింది అని అడిగితే జవాబు చెప్పుకోవాలి. కన్ను తయారయ్యేది అక్కడే.

ఇక మీ అనుమానం. మీరు నేర్పింది చిన్న విషయం కాదు. 26 ఏళ్ల చేతి అనుభవం ఏ క్లాసులోనూ దొరకదు. అయితే మీ స్టూడియోలోంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. పెళ్లి వీడియో తీసేటప్పుడు మండపంలో ట్యూబ్‌లైట్ల కింద, కొన్ని రకాల ఎల్‌ఈడీల కింద స్క్రీన్ మీద నల్లటి చారలు పాకుతూ కనిపించడం మీకు అనుభవమే అయి ఉంటుంది. షట్టర్ తెరిచి ఉండే సమయం సెకనులో 1/50కో 1/100కో మారిస్తే పోతాయని కూడా మీకు తెలుసు. ఎందుకు పోతాయో చెప్పేది చదువు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ఆ లైట్లు సెకనుకు 100 సార్లు వెలుగు పెరిగి తగ్గుతుంటాయి. షట్టర్ ఆ లెక్కకు సరిపోతే ప్రతి ఫ్రేములోనూ వెలుగు సమానంగా పడుతుంది, 1/60 పెడితే లెక్క తప్పి చార కదులుతుంది. మన టీవీ సెకనుకు 25 ఫ్రేములతో నడవడానికి మూలం కూడా ఈ 50 హెర్ట్జే. ఆ కారణం తెలిసిన పిల్ల రేపు అమెరికాలో షూటింగ్‌కు వెళ్తే, అక్కడ కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి తన సెట్టింగ్ తనే మార్చుకుంటుంది. మీ అనుభవానికి ఇలాంటి కారణాలు జోడించడానికే యూనివర్సిటీ. మీరు నేర్పిందానికి అది పోటీ కాదు.

స్టిల్ ఫోటోగ్రఫీ నుంచి సినిమాకు వెళ్లినవాళ్లలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చే మనిషి సుబ్రత మిత్ర. బెంగాలీ దర్శకుడు సత్యజిత్ రే తన మొదటి సినిమాకు ఆయన్ని కెమెరామన్‌గా పెట్టుకునేనాటికి ఆయన వయసు 21. అప్పటిదాకా స్టిల్స్ తీయడమే తప్ప సినిమా కెమెరా నడిపింది లేదు. 1956లో వచ్చిన రెండో సినిమాకు కాశీలోని ఒక ఇంటి లోపలి ముంగిలిని స్టూడియోలో సెట్ వేశారు. నాలుగు వైపులా గోడలున్న అలాంటి ముంగిట్లోకి వెలుగు ఆకాశం నుంచే దిగుతుంది, నీడలు గట్టిగా పడవు. స్టూడియో లైట్లు నేరుగా వేస్తే ఆ మెత్తదనం రాదు. అందుకని మిత్ర సెట్ పైన తెల్లగుడ్డ కట్టించి, కింద నుంచి లైట్లు దాని మీదకు కొట్టి, తిరిగి పడే వెలుగుతో తీశారు. మీ స్టూడియోలో తెల్ల గొడుగు మీదకు లైటు తిప్పి పాస్‌పోర్ట్ ఫోటో తీస్తారు చూడండి, పద్ధతి అదే. మీ అమ్మాయికి ఆ గొడుగు చిన్నప్పటి నుంచీ తెలుసు. అది తక్కువ పెట్టుబడి కాదు.

అలాగని ఫోటోగ్రఫీ వస్తే వీడియో దానంతటదే వచ్చేస్తుందని అనుకోవద్దు. ఫోటోగ్రాఫర్‌గా అలవాటైన కొన్ని పనులు అక్కడ అడ్డం వస్తాయి. ఫోటోకు కెమెరాను నిలువుగా తిప్పేస్తాం, సినిమా ఫ్రేము ఎప్పుడూ అడ్డమే. ఫోటోలో ఒక్క క్షణం దొరికితే చాలు, వీడియోలో ఆ క్షణానికి ముందు ఏముంది, తర్వాత ఏముంది, వచ్చే షాట్‌తో ఎలా అతుకుతుంది అని చూసుకోవాలి. ఎండలో 1/1000 షట్టర్‌తో ఫోటో లాగేయొచ్చు, వీడియోకు 1/50 దగ్గరే ఉండాలంటే లెన్స్ ముందు వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెట్టుకోక తప్పదు. అన్నిటికంటే పెద్ద తేడా సౌండ్. ఫోటోగ్రాఫర్లు వీడియో మొదలుపెట్టినప్పుడు బొమ్మ అద్భుతంగా ఉంటుంది, మాట వినపడదు. అందుకే డిగ్రీ మొదటి సంవత్సరం నుంచే సౌండ్ మీద, ఎడిటింగ్ మీద రోజుకు కాసేపైనా కూర్చోమని చెప్పండి.

ఎక్కడ చదవాలి? హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో ఫోటోగ్రఫీలో నాలుగేళ్ల బీఎఫ్‌ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) ఉంది. ఇంటర్‌లో ఏ గ్రూపు వాళ్లయినా చేరొచ్చు, సీఈసీ అని దిగులు అక్కర్లేదు. సీట్లు ఎఫ్‌ఏడీఈఈ అనే ఎంట్రన్స్‌తో ఇస్తారు. మీకు దగ్గర, ప్రభుత్వ యూనివర్సిటీ, ఆర్ట్ విద్యార్థుల మధ్య ఉండే అవకాశం. పక్క క్లాసులో బొమ్మలు వేసేవాళ్లు, శిల్పాలు చెక్కేవాళ్లు ఉండటం ఫోటోగ్రాఫర్‌కు చాలా మేలు చేస్తుందని నా నమ్మకం. ఆంధ్రప్రదేశ్ వాళ్లు ఈ జవాబు చదువుతుంటే, కడపలోని డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ నోటిఫికేషన్ కూడా చూసుకోండి. అక్కడ ప్రవేశాలు ఏడీసెట్ అనే ఎంట్రన్స్ ద్వారా జరుగుతాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందో లేదో కౌన్సెలింగ్‌కు వెళ్లకముందే అడిగి తెలుసుకోండి, చేరిన తర్వాత కాదు.

డిగ్రీ మీద నేను ఇంత పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. పుణెలోని ఎఫ్‌టీఐఐ (ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా)లో కెమెరా, డైరెక్షన్, ఎడిటింగ్, సౌండ్ లాంటి ముఖ్యమైన పెద్ద కోర్సులకు డిగ్రీ ఉండాలి. ఆ సంస్థ 1960లో పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో మొదలైంది. 1974లో టీవీ శిక్షణ విభాగం కూడా ఢిల్లీ నుంచి అక్కడికే వచ్చింది. సినిమా, టీవీ ఒకే ఆవరణలో చదవాలన్న కోరిక ఉన్నవాళ్లకు అంతకంటే మంచి చోటు చెప్పలేను. కోల్‌కతాలో 1995లో పెట్టిన సత్యజిత్ రే ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ కూడా అలాంటిదే. మన కెమెరామన్ కె.కె. సెంథిల్‌కుమార్ ఎఫ్‌టీఐఐలో చదివి వచ్చినవారే.

మీ అమ్మాయి "రెండూ కలిపి" అంటోందే, ఆ మాటకు అచ్చంగా సరిపోయేది ఢిల్లీ జామియా మిలియాలోని ఏజేకే మాస్ కమ్యూనికేషన్ రీసెర్చ్ సెంటర్. 1982లో మొదలైంది. అక్కడ ఎంఏ మాస్ కమ్యూనికేషన్‌లో ఫోటోగ్రఫీ, రేడియో, టీవీ, డాక్యుమెంటరీ అన్నీ చేయిస్తారు. స్టిల్ ఫోటోగ్రఫీ, విజువల్ కమ్యూనికేషన్‌లో వేరే పీజీ డిప్లొమా కూడా ఉంది. ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో కూడా ఎండిజైన్ అనే పీజీ స్థాయిలో ఫోటోగ్రఫీ డిజైన్ గాంధీనగర్‌లోనూ, ఫిల్మ్ అండ్ వీడియో కమ్యూనికేషన్ అహ్మదాబాద్‌లోనూ ఉన్నాయి. వీటన్నిటికీ డిగ్రీయే గేటు. ఇంటర్ కాగానే లక్షలు కట్టించుకుని ఏడాది సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలు చాలా ఉన్నాయి. ఆ కాగితం పట్టుకుని ఈ గేటు దాటలేరు. ప్రైవేటు కాలేజీ అయినా ఫర్వాలేదు అనుకుంటే, ఇచ్చేది ఏ యూనివర్సిటీ డిగ్రీయో కాగితం మీద చూసిన తర్వాతే ఫీజు కట్టండి.

మీ బావమరిది గారి మాటలో సగం నిజం ఉంది. పాస్‌పోర్ట్ ఫోటో, పుట్టినరోజు ఫోటో మీద బతికే రోజులు పోతున్నాయి, అది మీకే ఎక్కువ తెలుసు. కానీ ఆయన చూడని సగం ఒకటి ఉంది. ఇప్పుడు పని ఇచ్చేవాళ్లు ఫోటో వేరు, వీడియో వేరు అని ఇద్దరిని పిలవడం తగ్గించారు. నగల షాపుకు కేటలాగ్ ఫోటోలూ కావాలి, ఇన్‌స్టాగ్రామ్ రీళ్లూ కావాలి. పెళ్లివాళ్లదీ అదే కథ. పత్రికలు కూడా తమ ఫోటోగ్రాఫర్‌ను రెండు నిమిషాల వీడియో తెమ్మంటున్నాయి. సినిమా సెట్లో పోస్టర్లకు, ప్రచారానికి, కంటిన్యుటీకి (ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కు వేషం, సామాను మారకుండా చూసుకోవడానికి) స్టిల్ ఫోటోగ్రాఫర్ ఉండనే ఉంటారు. రే సెట్లలో రెండు దశాబ్దాలకు పైగా స్టిల్స్ తీసిన నిమాయ్ ఘోష్‌కు ఆ ఫోటోలే పేరు తెచ్చాయి. అంటే రెండూ చదవాలన్న మీ అమ్మాయి ఆలోచన మార్కెట్‌కు సరిగ్గా సరిపోయేదే.

ఒక విషయం మాత్రం దాచకుండా చెప్పాలి. సినిమా కెమెరా విభాగంలో ఏ చదువు చదివి వెళ్లినా కొన్నేళ్లు అసిస్టెంట్‌గా పని చేయాలి, యూనియన్ కార్డు సంగతి చూసుకోవాలి, రాత్రి షూటింగులు ఉంటాయి. ఆ కాలంలో డబ్బు సక్రమంగా రాదు. ఫోటోగ్రఫీ డిగ్రీ చేతిలో ఉన్న పిల్లకు ఆ ఏళ్లలో ఫోటో పని చేసి బతికే దారి ఉంటుంది. కేవలం ఫిల్మ్ కోర్సు చేసినవాళ్లకు అది ఉండదు, చాలామంది అక్కడే ఆగిపోతున్నారు.

ఎంట్రన్స్‌కు ఇప్పటి నుంచే డ్రాయింగ్ ప్రాక్టీస్ చేయించండి. కెమెరా వస్తే చాలనుకుని వెళ్లి పెన్సిల్ దగ్గర మార్కులు పోగొట్టుకునే పిల్లలే ఎక్కువ. ఫోటోగ్రఫీ సీటుకు ఏయే పేపర్లు రాయాలో ఈ ఏడాది నోటిఫికేషన్‌లో చూసి, పాత పేపర్లు సంపాదించండి. కొత్త కెమెరా కొనొద్దు. మీ స్టూడియోలో పక్కన పెట్టిన పాత బాడీ ఒకటి, 50 ఎంఎం లెన్స్ ఒకటి ఇవ్వండి, మొదటి రెండేళ్లకు అవి చాలు.

ఈలోగా ఒక పని చేయించండి. మీ ఊళ్లో ఒక మనిషినో ఒక చోటునో ఎంచుకోమనండి. బస్టాండు దగ్గర టీ కొట్టు కావచ్చు, సైకిల్ రిపేరు చేసే తాత కావచ్చు. పది రోజులు రోజూ వెళ్లి, వంద ఫోటోలు తీసి, పన్నెండే మిగల్చమనండి. మిగతావి ఎందుకు తీసేసిందో ఒక్కో దానికి ఒక్క వాక్యం రాయమనండి. తర్వాత అదే మనిషి మీద రెండు నిమిషాల వీడియో, వెనక పాట పెట్టకుండా, అక్కడి చప్పుళ్లతోనే చేయమనండి. మీరు తప్పులు దిద్దకండి, పక్కన కూర్చుని చూడండి. ఏది సరిగ్గా రాలేదని మర్నాడు పొద్దున్నే కెమెరా తీసుకుని మళ్లీ బయల్దేరిందో గమనించండి. పన్నెండు ఫోటోలు, ఆ వీడియో, తను రాసుకున్న కాగితాలు తీసుకుని ఇద్దరూ నా దగ్గరకు రండి, వాటిని ముందు పెట్టుకుని మాట్లాడదాం.