హాంకాంగ్ కెమెరా పాడైతే విశాఖలో చూస్తారా?

పెళ్లిళ్ల సీజన్ దగ్గరపడుతోంది కాబోలు, ఈసారి శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చిన ప్రశ్నలన్నీ కెమెరాల మీదే.

ప్రశ్న: పలాస దగ్గర మాది చిన్న ఊరు. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు తీస్తుంటాను. ఒక ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సరు) కెమెరా బాడీ, అంటే లెన్సు లేకుండా కెమెరా ఒక్కటే, ఇక్కడి డీలర్ 1,90,000 చెబుతున్నాడు. అదే బాడీ హాంకాంగ్ నుంచి పంపే ఆన్‌లైన్ షాపులో 1,52,000కే ఉంది, ఒక సంవత్సరం వారంటీ అని కూడా రాశారు. ఇది మోసమా? కొనొచ్చా?

జవాబు: మోసం అనలేం. అలాంటి షాపులు పంపేది చాలావరకు అసలు సరుకే, అదే ఫ్యాక్టరీలో తయారైనదే. కాకపోతే కంపెనీ మన దేశంలో పెట్టుకున్న పంపిణీదారు ద్వారా కాకుండా పక్కదారిన వస్తుంది, అందుకే గ్రే మార్కెట్ అంటారు. అసలు పేచీ వారంటీ దగ్గరే. పెద్ద కంపెనీలు బాడీకి ఇచ్చే వారంటీ మామూలుగా అమ్మిన దేశానికే పరిమితం. మీరు చూసిన ‘ఒక సంవత్సరం వారంటీ’ కంపెనీ ఇచ్చింది అయి ఉండదు, ఆ షాపు వాడిచ్చిన మాట. అంటే కెమెరా పాడైతే చూడాల్సింది హాంకాంగ్‌లోని ఆ షాపు, విశాఖలోని సర్వీస్ సెంటర్ కాదు.

సరే, 38 వేలు మిగులుతున్నాయి కదా అంటారు. లెక్క వేద్దాం. పన్నులతో కలిపిన ధర అని షాపు స్పష్టంగా రాయకపోతే, పార్సిల్ దిగాక కొరియర్ వాళ్లు మీ ఆధార్, పాన్ అడిగి 18 శాతం ఐజీఎస్టీ (దిగుమతి సరుకు మీద వేసే జీఎస్టీ) కట్టమంటారు. 1,52,000 మీద అదే 27,360. విదేశీ కరెన్సీలో కొన్నందుకు కార్డు బ్యాంకు వేసే అదనపు రుసుము (మార్కప్) 3 శాతం అనుకుంటే ఇంకో 4,560. ఇక మిగిలింది 6 వేల చిల్లర. దాని మీద కస్టమ్స్ సుంకం కూడా పడితే ఆ చిల్లరా ఉండదు.

‘గిఫ్ట్ అని రాసి, తక్కువ విలువ వేసి పంపుతాం, టెన్షన్ పడొద్దు’ అని కొందరు చాట్‌లో చెబుతారు. టెన్షన్ పడాల్సింది అక్కడే. చట్టం దృష్టిలో దిగుమతిదారు మీరు, వాడు కాదు. విలువ తప్పు చూపితే 1962 కస్టమ్స్ చట్టం కింద సరుకు జప్తు చేయొచ్చు, జరిమానా వేయొచ్చు. గిఫ్ట్ పేరుతో పన్ను లేకుండా తెప్పించుకునే వెసులుబాటు కూడా రాఖీలు, ప్రాణాధార మందులకు తప్ప 2019 డిసెంబరులోనే పోయింది. ఇంకో సంగతి, దారిలో పార్సిల్ పోయిందనుకోండి, బీమా వచ్చేది కాగితం మీద రాసిన విలువకే.

మీకు జీఎస్టీ నంబరు ఉంటే లెక్క ఇంకా తిరగబడుతుంది. డీలర్ చెప్పిన 1,90,000లో దాదాపు 29 వేలు పన్నే. బిల్లు మీద మీ నంబరు వేయించుకుంటే దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా మీరు కట్టాల్సిన జీఎస్టీలో సర్దుకోవచ్చు, అప్పుడు బాడీ మీకు పడేది 1,61,000కే. చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద కొద్ది శాతం పన్ను కట్టే కాంపోజిషన్ స్కీములో ఉంటే మాత్రం ఇది రాదు.

ఇక రిపేరు సంగతి. షట్టర్ ఇరుక్కుంది, షాపు వాడు పంపమన్నాడు. వెళ్లే ఖర్చు చాలాసార్లు మీదే. రిపేరుకి వెళ్తోందని వెళ్లేటప్పుడే కస్టమ్స్ కాగితాలు సరిగ్గా రాయించకపోతే తిరిగి వచ్చేటప్పుడు దాన్ని కొత్త సరుకులా లెక్కగట్టి మళ్లీ పన్ను అడుగుతారు, కాగితాలుంటే రిపేరు ఖర్చు, రవాణా, బీమా మీద మాత్రమే పడుతుంది. ఈ తతంగమంతా అయ్యేసరికి మాఘమాసం ముహూర్తాలు దాటిపోతాయి. అడ్వాన్సు తీసుకున్న పెళ్లికి కెమెరా హాంకాంగ్‌లో ఉందండీ అని పెళ్లికూతురి నాన్నకి చెప్పగలరా? డబ్బులిచ్చి ఇక్కడే చేయించుకుంటానంటే, ముందు సీరియల్ నంబరు చెప్పి సర్వీస్ సెంటర్‌ని అడగండి. ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. అమెరికాలో నికాన్ అయితే గ్రే సరుకుని డబ్బులిచ్చినా ముట్టుకోమని బాహాటంగానే చెబుతుంది.

నా మాట: మీకు అన్నం పెట్టే బాడీ, ఫ్లాషు ఇక్కడి బిల్లుతోనే కొనండి. మాన్యువల్ (చేత్తో ఫోకస్ చేసే) లెన్సు, ఫిల్టర్లు, ట్రైపాడ్ ప్లేట్ల లాంటివి బయటి నుంచి తెప్పించుకుంటే తప్పు లేదు, వాటిలో పాడయ్యేదే తక్కువ.

ప్రశ్న: మా బావ సింగపూర్‌లో వెల్డర్. పండక్కి వస్తూ లెన్సు తెస్తానన్నాడు. కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటారా? – విజయనగరం

జవాబు: లెన్సు తేవడం నేరం కాదండీ, దాచడం నేరం. 2016 బ్యాగేజీ నిబంధనల్లో మనవాళ్లకి 50,000 రూపాయల వరకు సుంకం లేకుండా తెచ్చుకునే వీలు పెట్టారు, 2026 ఫిబ్రవరిలో దాన్ని 75,000 చేశారు. ఈ అంకెలు మారుతుంటాయి కాబట్టి టికెట్ తీశాక కస్టమ్స్ వెబ్‌సైట్లో ఒకసారి చూసుకోమనండి. అంతకు మించితే రెడ్ చానెల్లోకి (సుంకం కట్టాల్సిన సరుకు ఉన్నవాళ్లు వెళ్లే దారి) వెళ్లి బిల్లు చూపించి కట్టేయడమే. డబ్బా పారేసి లెన్సు కెమెరాకి తగిలించి మెడలో వేసుకొస్తే ‘పాతదే’ అనుకుంటారనేది పాత ఉపాయం, అక్కడ కూర్చునేవాళ్లకి మనకంటే బాగా తెలుసు. పైగా డబ్బా పారేస్తే రేపు అమ్ముకునేటప్పుడు ధర పడిపోతుంది.

సింగపూర్‌లో 9 శాతం జీఎస్టీ విమానాశ్రయంలో తిరిగి ఇస్తారట కదా అని లెక్కలు వేసుకోకండి. అది టూరిస్టులకి. వర్క్ పర్మిట్ మీద పనిచేసే మీ బావకి రాదు. కొనేటప్పుడు వారంటీ కార్డు ఫొటో తీసి పంపమనండి. కొన్ని లెన్సులకి ప్రపంచమంతా చెల్లే వారంటీ ఉంటుంది, కొన్నిటికి ‘సింగపూర్ మాత్రమే’ అని సన్నక్షరాల్లో ఉంటుంది. డబ్బా మీది సీరియల్ నంబరు, లెన్సు మీది నంబరు ఒకటేనా అని వీడియో కాల్‌లో మీరే చూసుకోండి.

ప్రశ్న: మన దేశపు షాపింగ్ యాప్‌లోనే కెమెరా కొన్నాను. తీరా ఆన్ చేస్తే మెనూ అంతా జపాన్ భాషలో ఉంది! ఇంగ్లీషుకి మార్చే ఆప్షనే లేదు. – శ్రీకాకుళం

జవాబు: జపాన్ మార్కెట్టు కోసం చేసిన పీసు మీకు అంటగట్టారు. సోనీ జపాన్‌లో అమ్మే బాడీలు చాలావాటికి మెనూ ఆ ఒక్క భాషలోనే ఉంటుంది. ఇప్పుడు డబ్బాని నాలుగు వైపులా తిప్పి చూడండి. దిగుమతి చేసిన ప్యాకెట్టు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్పీ, నెల, సంవత్సరం, తయారైన దేశం ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ నిబంధనలు చెబుతున్నాయి. మామూలుగా అది డబ్బా అడుగున తెల్ల స్టిక్కర్ రూపంలో ఉంటుంది. అది లేకపోతే మీ చేతిలో గట్టి ఆధారం ఉన్నట్టే. ఫొటోలు తీసి పెట్టుకోండి, ఇక దాంతో ఒక్క ఫొటో కూడా తీయకండి, రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి పెట్టేయండి.

యాప్ వాళ్లు నాన్చితే వాళ్ల గ్రీవెన్స్ (ఫిర్యాదుల) ఆఫీసర్‌కి రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అప్పటికీ కదలకపోతే శ్రీకాకుళంలోని జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అమ్మినవాడు ఏ ఊళ్లో ఉన్నా మీరుండే చోటే కేసు వేసుకునే హక్కు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది, 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. ఈ పప్పులు హాంకాంగ్ షాపు దగ్గర ఉడకవు. తీర్పు వచ్చినా అక్కడ అమలు చేయించేదెవరు? అలాంటి చోట మనకి ఉన్న దారి కార్డు బ్యాంకు ద్వారా చార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు వెనక్కి) అడగడమే, దానికీ గడువుంటుంది కాబట్టి షాపు వాడు ‘వచ్చే వారం, వచ్చే వారం’ అంటుంటే నమ్మి కూర్చోవద్దు. బ్యాంకు ఖాతాకి నేరుగా పంపిస్తే అదీ లేదు.

ప్రశ్న: దుబాయ్ నుంచి డ్రోన్ తెప్పించుకోవచ్చా? – టెక్కలి

జవాబు: వద్దు. డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి 9న నిషేధించారు. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకే మినహాయింపు. పెళ్లి ఊరేగింపు వాటిలోకి రాదు!

ప్రశ్న: బారువ తీరంలో తాబేళ్ల ఫొటోలు తీస్తుంటాను. ఇండియా బిల్లు, ఇండియా వారంటీ అన్నీ ఉన్న లెన్సుకి ఫంగస్ (బూజు) పట్టింది. వారంటీలోకి రాదంటున్నారు. ఇదేం న్యాయం?

జవాబు: మీ బాధ నిజమే గానీ వాళ్లు చెప్పిందీ నిజమే. ఫంగస్, తేమ, ఉప్పునీరు, ఇసుక వల్ల వచ్చే నష్టాన్ని వారంటీ కార్డులు దాదాపు అన్నీ మినహాయిస్తాయి. సముద్రపు గాలి తగిలిన లెన్సుని అలాగే బ్యాగులో పెట్టి జిప్పు వేసేస్తే ఫంగస్‌కి పండగే. ఇంటికి రాగానే పొడిగుడ్డతో తుడిచి, గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి లోపల పడేస్తే 40 నుంచి 50 శాతం మధ్య ఉందో లేదో తెలుస్తుంది. నారింజ రంగు జెల్ ఆకుపచ్చగా మారితే తేమ పీల్చేసిందని అర్థం, సన్నటి సెగ మీద వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది.